కెగ్ నుంచి సీసాలోకి: నురగ పొంగాలి, గాలి పోవాలి

ఇంట్లో కాచిన బీరుకు కెగ్‌లోనే, అంటే ఒత్తిడిని తట్టుకునే స్టీలు పీపాలోనే, కార్బన్ డయాక్సైడ్ వాయువు పట్టించి, ఆ తర్వాత సీసాల్లోకి పట్టుకునే పని గురించి ఎక్కడ మాట వచ్చినా చర్చంతా నురగ చుట్టూ తిరుగుతుంది. నురగను ఎలా అణచాలి, ఒక్క చుక్క కూడా కింద పోకుండా ఎలా పట్టాలి, ఏ పరికరం కొంటే సీసా అంచు దాకా నిశ్చలంగా నిండుతుంది అన్నవే అందరి ప్రశ్నలు. ఆ ప్రశ్నలకు విలువ లేదని నేను అనడం లేదు. నింపుతున్నంత సేపూ నురగను అదుపులో ఉంచుకోవలసిందే. అయితే సీసా నిండిన క్షణం నుంచి మూత బిగించే క్షణం దాకా ఉండే ఆ కొద్ది వ్యవధిలో నురగ మన పక్షాన పనిచేస్తుందని, ఆ సమయంలో కూడా దాన్ని అణచేవారు తమ బీరును తామే పాడుచేసుకుంటున్నారని నా గట్టి అభిప్రాయం. మూసిన సీసాలో బీరును చెడగొట్టేది గాలిలోని ఆక్సిజన్. ఆ గాలిని సీసా మెడలోంచి తోసివేయడానికి ఇంట్లో మన దగ్గర ఉండే సాధనాల్లో నురగంత సమర్థమైనది మరొకటి లేదు. చుక్క నురగ లేకుండా నిండి, మెడలోని ఖాళీ నిండా గాలితో మూతపడిన సీసా చూపుకు ఎంత ముచ్చటగా ఉన్నా సరే, నా దృష్టిలో అది సరిగ్గా పట్టిన సీసా కాదు.

కెగ్‌లో ఉన్నదాన్ని మళ్ళీ సీసాలోకి మార్చడం ఎందుకన్న ప్రశ్నకు జవాబులు అందరికీ తెలిసినవే. స్నేహితులకు ఇవ్వాలి, పోటీకి పంపాలి, లేదా తర్వాతి బీరు కోసం కెగ్ ఖాళీ చేయాలి. వీటికి తోడు, కెగ్‌లో చల్లగా కూర్చుని తేటపడిన బీరును సీసాలోకి పడితే అడుగున ఈస్ట్ మడ్డి ఉండదు. గ్లాసులోకి చివరి చుక్క దాకా నిర్భయంగా వంచుకోవచ్చు. పంచదార వేసి సీసాలోనే పులియబెట్టే పాత పద్ధతిలో ఈ సౌకర్యం లేదు. కానీ ఆ పాత పద్ధతిలో ఉన్న ఒక గొప్ప రక్షణ కొత్త పద్ధతిలో లేదన్న సంగతి చాలామంది గమనించరు. సీసాలో బతికి ఉన్న ఈస్ట్ మళ్ళీ పులియడం మొదలుపెట్టినప్పుడు మెడలో చిక్కుకున్న ఆక్సిజన్‌లో చాలా భాగాన్ని తానే వాడుకుంటుంది. కెగ్ నుంచి పట్టిన తేట బీరులో ఆ పనిచేసే ఈస్ట్ దాదాపుగా ఉండదు, ఉన్నా నిద్రలో ఉంటుంది. అందువల్ల లోపలికి చేరిన ఆక్సిజన్ అంతా నేరుగా బీరు మీదే పనిచేస్తుంది. ఇక్కడ అవసరమయ్యే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుడుతున్నాయి.

ముందు నురగ ఎందుకు పుడుతుందో చూద్దాం, ఎందుకంటే దాన్ని అదుపు చేయడమూ, తర్వాత కావాలని పుట్టించడమూ రెండూ ఆ కారణం మీదే ఆధారపడి ఉన్నాయి. ఒక ద్రవంలో ఎంత వాయువు కరుగుతుందన్నది దాని మీద ఆ వాయువు కలిగించే పీడనానికి అనులోమంగా ఉంటుందని ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ 1803లో చూపించారు. ద్రవం ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ వాయువును పట్టి ఉంచుతుందన్నది దానికి తోడైన రెండో విషయం. బీరులో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను మనం వాల్యూముల్లో చెప్పుకుంటాం. ఒక లీటరు బీరులోని వాయువును బయటకు తీసి, సున్నా డిగ్రీల వద్ద మామూలు వాతావరణ పీడనంలో కొలిస్తే రెండున్నర లీటర్లు వచ్చిందనుకోండి, ఆ బీరులో రెండున్నర వాల్యూములు ఉన్నట్టు. బరువు లెక్కన అది లీటరుకు దాదాపు 5 గ్రాములు. చాలా రకాల బీర్లు ఈ చుట్టుపక్కలే ఉంటాయి, గోధుమ బీర్లు మాత్రం మూడుకు పైకి పోతాయి. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ రెండున్నర వాల్యూములను నిలిపి ఉంచడానికి వాయువు పీడనాన్ని నియంత్రించే రెగ్యులేటర్ మీద 11, 12 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) చాలు. అదే బీరు 20 డిగ్రీల దగ్గర ఉంటే 28 పీఎస్‌ఐ దాకా కావాలి.

ఇప్పుడు ఆ బీరు మూత లేని సీసాలోకి వచ్చిందనుకుందాం. దాని మీద ఇక వాతావరణ పీడనం తప్ప మరేమీ లేదు. పైన స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడే ఉందనుకున్నా, ఆ పరిస్థితిలో 4 డిగ్రీల బీరు స్థిరంగా పట్టి ఉంచగలిగేది సుమారు 1.4 వాల్యూములే, 20 డిగ్రీల బీరు అయితే ఒక వాల్యూము కన్నా తక్కువ. అంటే మిగిలిన వాయువంతా బయటపడటానికి సిద్ధంగా ఉన్నట్టే. సిద్ధంగా ఉన్నా అది వెంటనే బయటపడదు, ఎందుకంటే బుడగ పుట్టడానికి ఒక ఆసరా కావాలి. గాజు మీది సన్నని గీత, ధూళి కణం, పొడిగా ఉన్న గోడ మీద చిక్కుకున్న గాలి పొర, గొట్టంలో అప్పటికే ఏర్పడిన ఇంకో బుడగ, ప్రవాహంలో అకస్మాత్తుగా పడిన మలుపు, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఆసరా దొరకనంత సేపూ బీరు కొన్ని నిమిషాల పాటు తన వాయువును తనలోనే దాచుకుని ఉండగలదు. తెరిచిన సీసాలోకి బీరు పట్టడం అసలు సాధ్యమవుతున్నది ఈ వెసులుబాటు వల్లనే, మన నేర్పంతా ఈ వెసులుబాటును పొడిగించడంలోనే ఉంది.

అందుకే చల్లదనానికి నేను మిగతా అన్నింటి కన్నా పెద్ద పీట వేస్తాను. కెగ్‌ను చల్లబరచడం అందరూ చేస్తారు, సీసాను చల్లబరచడం దగ్గరే బద్ధకం వస్తుంది. చిన్న లెక్క వేసి చూడండి. సుమారు 200 గ్రాముల బరువున్న సీసా 24 డిగ్రీల దగ్గర ఉండి, దానిలోకి 4 డిగ్రీల బీరు 330 మిల్లీలీటర్లు వస్తే, చివరికి బీరు వేడెక్కేది రెండు డిగ్రీలే. ఇంతేకదా అనిపిస్తుంది. కానీ ఆ సగటు లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే మొదట దిగిన కొద్దిపాటి బీరు గోడ వేడినంతా తన మీదే వేసుకుంటుంది, ఆ అడుగు పొరలోనే నురగ మొదలవుతుంది, ఒకసారి మొదలైన నురగ తన మీద పడే బీరుకంతటికీ ఆసరాగా మారి పెరుగుతూ పోతుంది. కాబట్టి సీసాలను కెగ్‌తో పాటే ముందు రాత్రి నుంచి చల్లని చోట ఉంచాలి. పట్టే గొట్టమూ, కుళాయీ కూడా చల్లగా ఉండాలి, అది కుదరకపోతే మొదటి కొద్ది బీరును వాటి గుండా పారించి పారబోయాలి. కడగనవసరం లేని ఆమ్ల శుద్ధి ద్రావణంతో సీసా లోపల తడిపి, వంచి, తడి ఆరకముందే పట్టడం మంచిది. తడి గోడ మీద బుడగలకు ఆసరాలు తక్కువ. శుభ్రత గురించి ఇంతకన్నా చెప్పనవసరం లేదు, కెగ్ దాకా వచ్చినవారికి అది అలవాటైన సంగతే.

పీడనం విషయంలో రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం వాయువు గొట్టం తీసేసి, కెగ్ పైనున్న కవాటం లాగి పీడనమంతా వదిలేసి, మళ్ళీ 2 నుంచి 4 పీఎస్‌ఐ మాత్రమే పెట్టి మెల్లగా పడుతుంది. రెండో వర్గం కెగ్‌లో ఉన్న పీడనాన్ని అలాగే ఉంచి, గొట్టాన్ని పొడుగు చేసి వేగం తగ్గించుకుంటుంది. నాలుగైదు సీసాల పనికి మొదటి పద్ధతి చాలు. సీసాల సంఖ్య పెరిగితే నేను రెండో పద్ధతి వైపే మొగ్గుతాను, దానికి కారణం హెన్రీ సూత్రంలోనే ఉంది. కెగ్‌లో పీడనం తగ్గించగానే లోపలి బీరు మొత్తం అసమతుల్యంలో పడుతుంది. గొట్టంలో నిలిచిన బీరులో బుడగలు విడివడతాయి, ఒక సీసాకూ మరో సీసాకూ మధ్య విరామంలో అవి పోగుపడి తర్వాతి సీసాలోకి ముందుగా నురగనే తోస్తాయి. పైగా చివరి సీసా దాకా వచ్చేసరికి బీరు కొంత వాయువు కోల్పోయి ఉంటుంది, మొదటి సీసాకూ చివరి సీసాకూ రుచి కలవదు. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్ల లోపు ఉన్న సన్నని గొట్టాన్ని, గ్లాసులోకి వంచుకునేటప్పుడు వాడే మూడు మీటర్ల బదులు ఐదారు మీటర్ల పొడవుకు పెంచితే, పీడనమంతా గొట్టం గోడల రాపిడిలో క్రమంగా ఖర్చవుతుంది. బీరు చివరి కొస దాకా ఒత్తిడిలోనే ఉండి, కొస దగ్గర మాత్రం నెమ్మదిగా జారుతుంది. ఆ గొట్టాన్ని చుట్టగా చుట్టి కెగ్ పక్కనే చల్లని చోట ఉంచుకోవాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా కుళాయిని పూర్తిగా తెరవాలి. సగం తెరిచిన కుళాయి ప్రవాహాన్ని చీల్చి నురగ పుట్టిస్తుంది, ఈ ఒక్క విషయంలో రెండు వర్గాలకూ భేదాభిప్రాయం లేదు.

ఇక పరికరాల సంగతి. అన్నింటికన్నా సాదా అయినది చేతి కుళాయి కొసకు సీసా అడుగు దాకా చేరే గట్టి గొట్టాన్ని తగిలించడం, ఆ గొట్టం మీద సీసా మూతికి సరిపడే రబ్బరు బిరడా ఒకటి ఎక్కించుకోవడం. బీరు నిండే కొద్దీ సీసాలోని వాయువు నొక్కుకుని, లోపలి పీడనం కెగ్ పీడనానికి దగ్గరవుతుంది, ప్రవాహం తనంతట తానే నెమ్మదిస్తుంది. బిరడాను వేలితో కొద్దిగా పక్కకు నొక్కితే కొంత వాయువు బయటికి పోయి మళ్ళీ నిండుతుంది. రెండోది తుపాకీ మాదిరి మీట ఉన్న స్టీలు గొట్టం. ఇది ముందు సీసాలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలి, తర్వాత అడుగు నుంచి బీరు నింపుతుంది; ఇక్కడ సీసా తెరిచే ఉంటుంది, ఎదురు పీడనం ఉండదు. మూడోది ఎదురు పీడనంతో నింపే యంత్రం. బిరడాతో సీసాను మూసి, కెగ్‌లో ఎంత పీడనం ఉందో సీసాలోనూ అంతే పీడనం వాయువుతో కలిగించి, ఆ తర్వాతే బీరు దారి తెరుస్తారు. రెండువైపులా పీడనం సమానం కనుక బీరు కదలదు. సీసా వైపు చిన్న కవాటాన్ని సన్నగా తెరిచి కొద్దికొద్దిగా వాయువు పోనిస్తేనే అది మెల్లగా లోపలికి దిగుతుంది. కర్మాగారాల్లో సీసాలు నిండేదీ మూలంలో ఈ పద్ధతిలోనే.

ఎదురు పీడన యంత్రం మంచి పనిముట్టు, ముఖ్యంగా మూడు వాల్యూములు దాటిన గోధుమ బీర్లకు అది లేకపోతే పని కష్టం. అయితే అది ఉన్నవారిలోనే నేను చెబుతున్న పొరపాటు ఎక్కువగా కనిపిస్తుంది. యంత్రం ఎంత చక్కగా పనిచేస్తే సీసా అంత ప్రశాంతంగా నిండుతుంది, పైన నురగ దాదాపుగా ఉండదు. బిరడా పైకి తీయగానే లోపలి పీడనం బయటికి పోతుంది, అంతవరకూ గొట్టం ఆక్రమించిన చోటులోకి బయటి గాలి దిగుతుంది. సీసా నిశ్చలంగా ఉంది కదా అని నింపినవారు తాపీగా పక్కన పెట్టి, ఆరేడు సీసాలు పోగయ్యాక వరసగా మూతలు బిగిస్తారు. ఇంత ఖర్చుపెట్టి, ఇంత శ్రమపడి బయట ఉంచిన గాలిని చివరి నిమిషంలో మెడ నిండా నింపి మూసినట్టే అవుతుంది.

ఆ మెడలో గాలి ఎంత నష్టం చేస్తుందో లెక్క వేయకపోతే నా మాట అతిశయోక్తిగా తోచవచ్చు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మిల్లీలీటరు గాలిలో అది సుమారు 0.28 మిల్లీగ్రాములు ఉంటుంది. 330 మిల్లీలీటర్ల సీసా మెడలో 15 మిల్లీలీటర్ల ఖాళీ ఉండి, అదంతా గాలే అయితే ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములు దాటుతుంది, అంటే లీటరు బీరుకు 12 మిల్లీగ్రాముల పైమాటే. వాణిజ్యపరంగా బీరు తయారుచేసేవారు మూసిన సీసాలో మొత్తం ఆక్సిజన్‌ను లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించకుండా చూసుకోవాలని ప్రయత్నిస్తారు. ఆ లెక్కన మన సీసాలోకి పోనివ్వదగ్గ గాలి ఒక మిల్లీలీటరులో ఎనిమిదో వంతు మాత్రమే. ఒక మిల్లీలీటరు గాలి మిగిలినా ఆ హద్దుకు ఎనిమిది రెట్లు పైన ఉన్నట్టు, 15 మిల్లీలీటర్లు మిగిలితే నూట ఇరవై రెట్లు. ఇంట్లో ఎంత నేర్పుగా పట్టినా ఆ హద్దు లోపలికి రాగలమని నేను చెప్పను. కానీ నూట ఇరవై రెట్లకూ ఎనిమిది రెట్లకూ మధ్య ఉన్న తేడా నెల రోజుల తర్వాత గ్లాసులో స్పష్టంగా కనిపిస్తుంది, ఆ తేడా తేవడానికి కావలసింది కొన్ని సెకన్ల నురగ.

ఆక్సిజన్ చేసే పని అందరికీ ఒకే వరసలో కనిపిస్తుంది. మొదట హాప్స్ (బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే పువ్వులు) సువాసన తగ్గుతుంది, పండ్ల పరిమళం ఉన్న చోట ఏదో మందకొడితనం మిగులుతుంది. తర్వాత తేనెను, ఎండిన పండ్లను పోలిన తీపి వాసన, తడిసిన అట్టను తలపించే వాసన వస్తాయి. ఈ రెండోదానికి పాతబడిన బీరులో బయటపడే ట్రాన్స్-2-నోనినల్ అనే పదార్థాన్ని కారణంగా చెబుతారు, అది లీటరుకు మైక్రోగ్రాములో పదో వంతు ఉన్నా ముక్కు పసిగడుతుంది. హాప్స్ దండిగా వేసిన లేత రంగు బీర్లలో నష్టం కంటికే కనిపిస్తుంది: బంగారు రంగు గోధుమ రంగు వైపు తిరుగుతుంది. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) ఎక్కువగా ఉన్న ఘాటైన నల్ల బీర్లు కొంత తట్టుకుంటాయి. వాటిలో ఆక్సిజన్ తెచ్చే మార్పు కొన్నిసార్లు ఎండుద్రాక్ష వంటి నిండుదనంగా కూడా అనిపిస్తుంది, కనుక వాటిని పట్టేటప్పుడు ఇంత పట్టుదల అక్కరలేదు. నా వాదనంతా ప్రధానంగా మొదటి రకం బీర్ల కోసమే, ఎందుకంటే ఇంట్లో బీరు కాచేవారు ఎంతో ఇష్టంగా చేసి, ఎంతో ఆశగా ఇతరులకు పంపేది ఎక్కువగా వాటినే.

కార్బన్ డయాక్సైడ్‌తో సీసాను ముందే నింపితే ఇంకా భయమెందుకని చాలామంది అడుగుతారు. అది గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువైన వాయువు, కాబట్టి బీరు మీద దుప్పటిలా పరుచుకుని కాపాడుతుందన్న నమ్మకం బలంగా నాటుకుపోయింది. ఈ నమ్మకాన్ని వదులుకోవడం మంచిది. వాయువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, మూతి తెరిచి ఉన్న సీసాలో, బీరు పారుతూ అలజడి చేస్తున్నప్పుడు, చేతులు పైన కదులుతున్నప్పుడు ఆ బరువు తేడా ఇచ్చే రక్షణ ఎంతోసేపు నిలవదు. ఎదురు పీడన యంత్రంతో సీసాను 12 పీఎస్‌ఐ దాకా నింపి వదలడం కూడా మనం అనుకున్నంత శుభ్రం చేయదు: ఒకసారి నింపి వదిలితే మొదటి గాలిలో సగానికి పైగా మిగులుతుంది, మూడుసార్లు చేసినా ఆరో వంతు మిగులుతుంది. దాని కన్నా సన్నని ధారగా వాయువును అడుగు నుంచి మెల్లగా వదిలి, గాలిని పైకి నెట్టుకుంటూ పోవడం మెరుగు, బలంగా ఊదితే రెండూ కలిసిపోయి లాభం తగ్గుతుంది. ఇవన్నీ చేయమనే నేనూ అంటాను, ఎందుకంటే బీరు సీసాలోకి దిగుతున్నప్పుడు దాని ఉపరితలం తాకే ఆక్సిజన్‌ను ఇవి తగ్గిస్తాయి. అయితే ఈ జాగ్రత్త కాపాడేది నింపే దశను మాత్రమే. గొట్టం పైకి తీసిన తర్వాత మెడలోకి దిగే గాలి సంగతి చూడవలసింది మళ్ళీ నురగే.

ఎందుకంటే నురగలోని ప్రతి బుడగ బీరులోంచి అప్పుడే పుట్టిన స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్. అది కింది నుంచి మెడ మొత్తం వెడల్పున పైకి లేస్తుంది కనుక, తన పైనున్న గాలిని కలుపుకోకుండా తోసుకుంటూ బయటికి పోతుంది. కర్మాగారాలు కూడా ఈ సూత్రాన్నే నమ్ముకున్నాయి: నిండిన సీసా మూత యంత్రం దగ్గరికి చేరేలోగా సన్నని సూదిలాంటి వేడి నీటి ధారను అధిక పీడనంతో బీరులోకి కొట్టి, నురగ పొంగించి, ఆ నురగ మీదే మూత వేస్తారు. ఇంట్లో ఆ ధార అక్కరలేదు. నిండిన సీసా మెడను చెంచా కాడతో ఒకటి రెండు సార్లు తట్టితే చాలు, లేదా గొట్టం కొసను పైకి తీస్తూ చివరి కొద్ది బీరును కాస్త జోరుగా వదిలితే చాలు. నురగ మూతి అంచు దాటి గుబ్బలా పైకి లేచినప్పుడు మూతను దాని మీదే పెట్టి వెంటనే బిగించాలి. పెద్ద పెద్ద బుడగలున్న నురగ సరిపోదు, అవి పగిలి గాలిని లోపలికి లాక్కుంటాయి. సన్నని, చిక్కని నురగ కావాలి, అది చల్లని బీరులోనే వస్తుంది. నురగ లేచి కుంగిపోయిన తర్వాత మూత పెడితే చేసిన పని వ్యర్థం, అప్పుడు మళ్ళీ తట్టి మళ్ళీ పొంగించాలి. ఈ పని ఇద్దరు కలిసి చేస్తే సులువు, ఒకరు పట్టి అందిస్తుంటే మరొకరు మూతలు బిగిస్తారు. ఒక్కరే చేస్తున్నట్లయితే ఒక్కో సీసాను నింపి, మూసి, ఆ తర్వాతే రెండోది అందుకోవాలి.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది: పొంగిస్తే వాయువు పోయి బీరు చప్పబడదా? ఈ భయం సహజమే కానీ లెక్కకు నిలవదు. రెండున్నర వాల్యూముల 330 మిల్లీలీటర్ల బీరులో 800 మిల్లీలీటర్లకు పైగా వాయువు కరిగి ఉంటుంది. మెడలోని 15, 20 మిల్లీలీటర్ల ఖాళీ నిండి, అంతే మోతాదు బయటికి పొంగినా ఖర్చయ్యేది 40 మిల్లీలీటర్లు, అంటే అయిదు శాతం లోపు. అది నాలుక గుర్తుపట్టేంత తేడా అని నేను అనుకోను. చప్పబడిన సీసాలకు అసలు కారణాలు వెచ్చని సీసా, అలజడిగా సాగిన ప్రవాహం, సరిగ్గా బిగియని మూత. నష్టం ఎంత తక్కువైనా ముందే సర్దుకోవాలనుకుంటే, పట్టడానికి కొన్ని రోజుల ముందు రెగ్యులేటర్‌ను ఒకటి రెండు పీఎస్‌ఐ పెంచి కెగ్‌లో కొద్దిగా ఎక్కువ వాయువు పట్టించుకోవచ్చు. కొద్ది బీరు వృథా అవుతుందన్న మాట నిజమే. సీసాలను పళ్ళెంలో పెట్టి పడితే ఆ వృథా ఎంత తక్కువో కంటికి కనిపిస్తుంది.

ఇంత చేసినా, కెగ్ నుంచి పట్టిన సీసాను తాజా సరుకుగానే చూడాలి. హాప్స్ బీరయితే చల్లని చోట ఉంచి వారాల్లో తాగేయాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే పాతబడే రసాయన చర్యల వేగం రెండు మూడు రెట్లవుతుందన్న మోటు లెక్క ఇక్కడ పనికివస్తుంది: చల్లని అరలో మూడు నెలలు బాగుండే సీసా గదిలో నెల రోజులకే డీలాపడుతుంది. ఏడాది పాటు దాచాలనుకునే బీరును కెగ్ దారిలో పంపకపోవడమే మేలని నా సలహా. దాన్ని మొదటి నుంచీ పంచదారతో సీసాలోనే పులియనివ్వాలి, అక్కడ ఈస్ట్ కాపలా కాస్తుంది. ఈ రెండు పద్ధతులనూ కలపాలన్న ఆలోచన వచ్చినప్పుడు మాత్రం చాలా జాగ్రత్త అవసరం. లీటరుకు 4 గ్రాముల పంచదార దాదాపు ఒక వాల్యూము వాయువును పుట్టిస్తుంది. అప్పటికే రెండున్నర వాల్యూములున్న బీరుకు మామూలు సీసా మోతాదైన 6, 7 గ్రాములు వేస్తే అది నాలుగు వాల్యూములు దాటుతుంది, సాధారణ బీరు సీసా గాజు ఆ ఒత్తిడి కోసం తయారైనది కాదు, అది పేలుతుంది. వాయువు పట్టించిన బీరుకు పంచదార కలపవద్దనే నేను గట్టిగా చెబుతాను.

గాజు గురించి ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కెగ్‌లో చల్లగా ఉన్నంత కాలం నిద్రపోయిన ఈస్ట్, సీసాలో గది వేడికి చేరగానే లేవవచ్చు. బీరులో పులియని చక్కెరలు మిగిలి ఉంటే, ముఖ్యంగా పండ్ల రసమో తేనెయో తర్వాత కలిపిన బీర్లలో, సీసాలో ఒత్తిడి పెరిగిపోతుంది. కాబట్టి బీరు సాంద్రతను చూపే హైడ్రోమీటర్ అంకె కదలడం పూర్తిగా ఆగిందని తేల్చుకున్న బీరునే సీసాలకు పట్టాలి, తీపి బీర్లను చల్లదనం దాటి బయటికి రానివ్వకూడదు. ఎదురు పీడన యంత్రం వాడేటప్పుడు అంచు పెచ్చులూడిన సీసాలనూ, పలుచని గాజు సీసాలనూ పక్కన పెట్టి, కంటికి రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. కెగ్ ఈ పనికి కావలసిన ఒత్తిడిని అవలీలగా ఓర్చుకుంటుంది, శీతల పానీయాల సిరప్ కోసం పుట్టిన ఆ 19 లీటర్ల కార్నీ కెగ్‌లు అంత దృఢమైనవి. ఆ ధీమాను సీసా దాకా తీసుకురాకూడదు.

రెండు మూడు రోజుల్లో తాగేయబోయే బీరుకు నేను ప్లాస్టిక్ సీసానే ఎంచుకుంటాను. మెత్తని సీసాను నింపి, చేత్తో నొక్కి బీరును మూతి అంచు దాకా తెచ్చి, గాలి లేకుండా మరమూత తిప్పేస్తే మెడ ఖాళీ అన్న సమస్యే పుట్టదు. కాసేపటికి వాయువు విడుదలై సీసా తిరిగి నిండుగా, గట్టిగా అవుతుంది, ఒత్తిడి ఎంతుందో వేలితో నొక్కి తెలుసుకోవచ్చు. ప్లాస్టిక్ గోడ గుండా ఆక్సిజన్ నెమ్మదిగా లోపలికి చేరుతుంది కాబట్టి దీర్ఘకాలానికి అది తగదు. గాజుకైతే విలియం పెయింటర్ 1892లో పేటెంట్ పొందిన క్రౌన్ మూతకు సాటి వచ్చేది ఇప్పటికీ కనబడదు, అంచు చుట్టూ సమంగా బిగిసిందో లేదో తల్లకిందులు చేసి చూసుకుంటే చాలు. గోధుమ రంగు గాజునే వాడాలి, వెలుతురు తగిలిన హాప్స్ నుంచి పుట్టే దుర్వాసనను మిగతా రంగుల గాజు ఆపలేదు.

నా మాట నమ్మమని అడగడం కన్నా పరీక్షించి చూడమని అడగడమే నాకు ఇష్టం. నేనూ ఈ అభిప్రాయానికి వచ్చింది ఒకే కెగ్ నుంచి రెండు రకాలుగా పట్టిన సీసాలను పక్కపక్కన పెట్టి రుచి చూస్తూనే. లేత రంగులో, హాప్స్ దండిగా ఉన్న బీరును ఎంచుకోండి. అదే రోజు, అదే గొట్టంతో కొన్ని సీసాలను నురగ మీద మూసి, మరికొన్నిటిని నురగ అణగేదాకా ఆగి, మెడ ఖాళీగా ఉండగా మూయండి. మూతల మీద గుర్తులు పెట్టి, రెండు రకాల్లోనూ సగం చల్లని అరలో, సగం గదిలో నెల రోజులు ఉంచండి. తెరిచే రోజున సీసాలన్నిటినీ ఒకే చల్లదనానికి తెచ్చి, ఏ గ్లాసులో ఏది ఉందో మీకు తెలియకుండా వేరొకరి చేత పోయించుకుని, ముందు తెల్ల కాగితం ఎదుట పెట్టి రంగు చూసి, ఆ తర్వాత వాసన చూసి, చివరికి రుచి చూడండి.